పసుపంటిన హౌరా వంతెన స్టాంపు: కడగాలా, అలాగే ఉంచాలా?

రేణిగుంట తాత
అక్టోబరు 5, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. నేను రైల్వేలో వంతెనల గ్యాంగులో ఖలాసీగా చేరి మేస్త్రీగా రిటైరయ్యాను. స్టాంపుల మోజు ఆ ఉద్యోగంతోనే పట్టుకుంది. క్యాంపుల్లో తోటివాళ్ళకు ఉత్తరాలు వస్తే, వాటి మీద వంతెన బొమ్మ ఉంటే కవరు అడిగి తీసుకునేవాణ్ణి. 1980 ప్రాంతంలో మద్రాసు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్‌లో విదేశీ స్టాంపుల ప్యాకెట్లు అమ్మేవారు. జీతం వచ్చిన నెలల్లో ఒకటి కొనేవాణ్ణి. అలా ఒక బిస్కెట్ల డబ్బా నిండింది. ఆల్బమ్ లేదు, వరస లేదు.

ఈ దసరా సెలవుల్లో ఆ డబ్బా నా మనవరాలి కంట పడింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. దానికి వంతెనల కన్నా ఆటల స్టాంపులు నచ్చాయి. ప్యాకెట్లతో పాటు వచ్చినవి ఓ ముప్పై దాకా ఉన్నాయి: గాలిపటాలు, బొంగరాలు, తాడాట, తొక్కుడు బిళ్ళ. "తాతా, రెండూ కలిపి ఒకే ఆల్బమ్ చేద్దాం" అంటోంది. వంతెనలకూ ఆటలకూ ఏం పొత్తు అని నేను, ఎందుకుండదు అని అది. ఇది మొదటి సందేహం.

రెండోది కొంచెం బాధగా అడుగుతున్నాను. 2008లో మా అమ్మాయి పెళ్ళి. శుభలేఖలన్నీ మామూలు స్టాంపులతో పంపాను గానీ, ఖరగ్‌పూర్‌లో ఉన్న పాత స్నేహితుడికి మాత్రం దాచుకున్న హౌరా వంతెన స్టాంపు అంటించాను. ఆయన అప్పటికే అక్కడి నుంచి బదిలీ అయి వెళ్ళిపోయాడట. ముద్రలన్నీ వేయించుకుని కవరు తిరిగి మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ మూలలకు రాసిన పసుపు స్టాంపు మీదికి పాకి, కుడి పక్కంతా పచ్చగా అయిపోయింది. మిగతా స్టాంపులతో పాటు దీన్నీ నీళ్ళలో నానబెట్టి పసుపు పోగొట్టవచ్చా?

---

స్టాంపుల సంచి
అక్టోబరు 5, రాత్రి 9:15

పెద్దాయనా, ముందు ఆ కవరును నీళ్ళకు దూరంగా పెట్టండి. మిగతాది తీరిగ్గా రాస్తాను.

---

చంద్రగిరి కుర్రాడు
అక్టోబరు 5, రాత్రి 9:32

తాతగారూ, మీ హౌరా స్టాంపు 2007 ఆగస్టులో వచ్చిన సెట్‌లోది. మన దేశపు ముఖ్యమైన వంతెనల మీద నాలుగు స్టాంపులు ఒకేసారి వేశారు: కోల్‌కతాలోని హౌరా వంతెన, విద్యాసాగర్ సేతు, పాట్నా దగ్గర మహాత్మా గాంధీ సేతు, రామేశ్వరం దారిలోని పాంబన్ వంతెన. నేను సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను, ఆ నాలుగూ నా దగ్గర ఉన్నాయి. హౌరా వంతెనకు ఎన్ని లక్షల బోల్టులు పట్టాయో అని ఎప్పుడూ అనుకుంటాను.

---

రేణిగుంట తాత
అక్టోబరు 5, రాత్రి 9:58

బాబూ, హౌరాలో నట్టూ బోల్టూ వాడలేదు. మొత్తం రివిట్లే. సుమారు 26,500 టన్నుల ఉక్కు, అందులో 23,000 టన్నులు టాటా వాళ్ళది. రెండు పెద్ద స్తంభాల మధ్య 1,500 అడుగులు. 1943 ఫిబ్రవరిలో, యుద్ధం జరుగుతుండగా తెరిచారు.

రివిట్ అంటే ఎర్రగా కాల్చిన ఇనుప మేకు. రంధ్రంలో పెట్టి రెండో కొసను కొట్టి తల చేస్తారు. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోయి రెండు రేకుల్నీ బిగించి పట్టుకుంటుంది. మా పని వాటిని తనిఖీ చెయ్యడం. రివిట్ తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టాలి. బిగువుగా ఉంటే వేలికి ఏమీ తెలియదు. వదులైందంటే వేలి కింద జివ్వుమంటుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టి ముందుకు సాగేవాళ్ళం. రోజుకు కొన్ని వందలు. ఆ బొమ్మ చూస్తే ఈ రోజుకీ నా వేళ్ళకు ఆ జివ్వు తెలుస్తుంది.

---

చంద్రగిరి కుర్రాడు
అక్టోబరు 5, రాత్రి 10:04

తప్పు దిద్దుకున్నాను తాతగారూ. మా క్లాసులో రివిట్ గురించి ఒక్క పేజీ ఉంది, ఈ సంగతి మాత్రం లేదు.

---

స్టాంపుల సంచి
అక్టోబరు 6, ఉదయం 6:40

ఇప్పుడు పసుపు సంగతి. ఇరవై ఏళ్ళ కిందట నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చెయ్యకండి. తిరుచానూరులో మా బంధువుల ఇంటి నుంచి వచ్చిన శుభలేఖ కవరు మీద పసుపు మరక ఉంటే, స్టాంపు కత్తిరించి కొంచెం సబ్బు నీళ్ళలో వేశాను. క్షణాల్లో మరక ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్ళలో ఎవరికి తెలియదు? సబ్బులోనూ అలాంటి క్షార గుణమే ఉంది. తెలిసి తెలిసి ఆ పని చేశానే అని చాలా రోజులు బాధపడ్డాను. ఆ స్టాంపు ఇటుక రంగు మచ్చతో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఎండలో పెడితే పసుపు వెలుస్తుంది, నిజమే. కానీ స్టాంపు రంగులూ దాంతో పాటే వెలుస్తాయి. కాబట్టి ఎండా వద్దు.

అసలు మాట ఏమిటంటే, ఆ కవరులో విలువైంది స్టాంపు ఒక్కటే కాదు. వెళ్ళిన ఊరి ముద్ర, వచ్చిన ఊరి ముద్ర, "చిరునామాదారు లేరు" అని పోస్టుమ్యాన్ రాసిన రాత, మీ ఆవిడ వేలితో రాసిన పసుపు, అన్నీ కలిస్తేనే అది పెళ్ళి కవరు. స్టాంపు కత్తిరించారంటే చిన్న కాగితం ముక్కే మిగులుతుంది. వంతెన బొమ్మ ఉన్న కవరు, వంతెనల పనివాడి ఇంటి నుంచి బయల్దేరి, రైలెక్కి వెళ్ళి తిరిగి అదే ఇంటికి రావడం! నా ముప్పై ఏళ్ళ సేకరణలో ఇలాంటి కవరు ఒక్కటీ లేదు.

దయచేసి కడగకండి.

---

పుత్తూరు టీచరమ్మ
అక్టోబరు 6, ఉదయం 7:25

సంచి గారి మాటే నా మాట. మా అవ్వ ఉన్నప్పుడు పసుపు లేని శుభలేఖ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆ పసుపును మరక అనడానికి నాకైతే మనసు రావడం లేదు.

---

నీవా ఒడ్డు
అక్టోబరు 6, ఉదయం 11:10

నేను ఒప్పుకోను. ఆల్బమ్ అంటే బొమ్మ స్పష్టంగా కనబడాలి. పసుపు పూసిన స్టాంపు పెడితే పాప స్నేహితులకు అక్కడ ఏ వంతెన ఉందో కూడా తెలియదు. నేను వాడని స్టాంపులే సేకరిస్తాను, జిగురు కూడా చెక్కు చెదరకూడదు. చిత్తూరులో నాకు తెలిసిన సేకర్తలందరూ అంతే.

---

స్టాంపుల సంచి
అక్టోబరు 6, మధ్యాహ్నం 1:05

అన్నా, శుభ్రమైన హౌరా స్టాంపు కావాలంటే ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. నా దగ్గర రెండున్నాయి, పాపకు ఒకటి పంపుతాను. దాన్ని పసుపు కవరు పక్కనే అంటించుకుంటే బొమ్మా కనబడుతుంది, కవరూ ఉంటుంది. పసుపంటిన కవరు మాత్రం ఇంకెక్కడా దొరకదు.

---

నీవా ఒడ్డు
అక్టోబరు 6, మధ్యాహ్నం 1:30

సరే, అలా పక్కపక్కన పెడితే నాకూ అభ్యంతరం లేదు.

ఆటల సంగతికి వస్తాను, అది నాకు ఇష్టమైన విషయం. నీవా నదిలో నీళ్ళు లేని నెలల్లో ఇసుకే మాకు మైదానం. గోళీలు, బొంగరం, ఏడు పెంకులాట, చిల్లాకట్టె. ఆడపిల్లలు గట్టు మీద అచ్చంగిల్లాలు, వామనగుంటలు. ఇవన్నీ స్టాంపుల్లో వెతుక్కుంటూ పాతికేళ్ళు గడిచాయి.

మన దేశం స్టాంపుల్లో మొదట తీసుకోవలసింది 1957 బాలల దినోత్సవం సెట్. నవంబరు 14న మూడు స్టాంపులు వచ్చాయి. ఒకదాంట్లో అరటిపండు తినే పిల్లాడు, ఒకదాంట్లో పలక మీద రాసే పాప, 90 నయాపైసల దాంట్లో బంకురా మట్టి గుర్రం బొమ్మ. తిండి, చదువు, ఆట. రూపాయికి వంద నయాపైసలన్న లెక్క కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మొదలైంది కాబట్టి, అణాల రోజులు ఎలా ఉండేవో చెప్పడానికీ అది పనికొస్తుంది. ఆ తర్వాత బాలల దినోత్సవానికి పిల్లలు గీసిన బొమ్మలతోనే ఎన్నో స్టాంపులు వేశారు.

చెడుగుడు కావాలంటే 1990 బీజింగ్ ఆసియా క్రీడల సెట్ చూడండి. ఆసియా క్రీడల్లో కబడ్డీకి మొదటిసారి పతకం పెట్టింది అప్పుడే. మనకే బంగారు పతకం వచ్చింది.

2001లో వచ్చిన పంచతంత్రం స్టాంపులు వదలకండి. నాలుగు కథలు, ఒక్కో కథకు పక్కపక్కనే అతుక్కున్న రెండు స్టాంపులు. కోతీ మొసలీ, సింహమూ కుందేలూ, కాకులూ పామూ, తాబేలూ హంసలూ. జంటగా ఉన్నవాటిని ఎప్పుడూ విడదీయకూడదు, విడదీస్తే కథ సగంలో ఆగిపోతుంది.

---

రేణిగుంట తాత
అక్టోబరు 6, సాయంత్రం 6:20

ఇది తాత ఫోన్ నుంచి నేను రాస్తున్నాను, మనవరాలిని. చిల్లాకట్టె అంటే బిళ్ళంగోడేనా అంకుల్? మా స్కూల్లో ఎవరూ ఆడరు. ఇంకో ప్రశ్న. ఇద్దరు చేతులు కలిపి పైకెత్తి నిలబడితే మిగతావాళ్ళం ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలులాగా కింద నుంచి దూరుతాం కదా. చేతులు ఎత్తినవాళ్ళు వంతెనే కదా? అందుకే రెండూ ఒకే ఆల్బమ్‌లో ఉండొచ్చు అని నేనంటున్నాను. కసుపు కవరు కడగొద్దని తాతకు చెప్పేశాను.

---

రేణిగుంట తాత
అక్టోబరు 6, సాయంత్రం 6:24

పసుపు కవరు అని రాయబోయి తప్పు కొట్టాను. సారీ.

---

నీవా ఒడ్డు
అక్టోబరు 6, రాత్రి 7:45

అవును తల్లీ, చిల్లాకట్టె, బిళ్ళంగోడు, కర్రాబిళ్ళ, చిర్రగోనె అన్నీ ఒకటే ఆట. ఊరు మారితే పేరు మారుతుంది. నువ్వు చెప్పిన రైలాట నేనూ ఆడాను. పెద్దవాళ్ళం ఇన్నేళ్ళుగా స్టాంపులు తిరగేస్తున్నాం గానీ ఆ వంతెన మాకు తట్టలేదు.

---

గాంధీరోడ్డు కవరు
అక్టోబరు 7, ఉదయం 10:30

ఆలస్యంగా చూశాను. ఒకే ఆల్బమా, రెండా అన్నదానికి నా దగ్గర ఒక దారి ఉంది. పాప మాటకు బలం చేకూర్చేదే.

యూరప్ దేశాల తపాలా శాఖలు కలిసి "యూరోపా" పేరుతో స్టాంపులు వేస్తాయి. 1956లో ఆరు దేశాలతో మొదలైంది. 1974 నుంచి ఏటా ఒక అంశం అనుకుని, ఎవరి బొమ్మ వాళ్ళు వేసుకుంటారు. మీకు కావలసిన సంగతి ఇదీ: 1989 అంశం పిల్లల ఆటలు. 2015 అంశం పాతకాలపు ఆటబొమ్మలు. 2018 అంశం వంతెనలు. ఒకే వరసలో, ఒకే గుర్తు కింద, తాత అంశమూ మనవరాలి అంశమూ రెండూ ఉన్నాయి.

1989 యూరోపాలో ఫ్రాన్స్ స్టాంపు మీద పిల్లలు తొక్కుడు బిళ్ళ ఆడుతుంటారు. జర్మనీది గాలిపటాలు, ఇంకోటి తోలుబొమ్మలాట లాంటి బొమ్మల ఆట. ఫ్రాన్స్ స్టాంపు చూసిన మా అక్క, "గళ్ళు మనలాగే గీసుకున్నారే, బిళ్ళ మాత్రం ఎక్కడ దొరికింది వాళ్ళకు, మనకైతే పగిలిన పెంకు" అంది. నేను యూరోపా సేకరణ మొదలుపెట్టింది ఆ మాట తర్వాతే.

ఆల్బమ్ మూడు భాగాలు చెయ్యండి. మొదట తాత వంతెనలు, చివర పాప ఆటలు, మధ్యలో యూరోపా. మధ్య భాగం మీద ఏమీ రాయనక్కర్లేదు, సంవత్సరాలు రాస్తే చాలు.

ప్రదర్శనకు పంపే ఉద్దేశం ఉంటే మాత్రం లెక్క వేరు. అక్కడ ఒక ఫ్రేమ్‌కు 16 కాగితాలు. మొదటి కాగితం మీద ఏం చెప్పబోతున్నారో ప్రణాళిక రాయాలి, చివరి వరకూ ఆ ఒక్క కథే నడవాలి. రెండు కథలు కలిపితే న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గిస్తారు. ఇంట్లో ఆల్బమ్‌కు ఈ నియమాలేవీ లేవు.

---

పుత్తూరు టీచరమ్మ
అక్టోబరు 7, మధ్యాహ్నం 12:15

పాప ఎనిమిదో తరగతి అన్నారు కాబట్టి ఒక మాట. తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన అని స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే, స్టాంపులు సేకరించే పిల్లలకు నెలకు 500, ఏడాదికి 6,000 రూపాయలు. చదువులో 60 శాతం మార్కులు ఉండాలి. స్కూల్లో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్ ఉంటే అందులో సభ్యత్వం, లేకపోతే పాప పేరున ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. 200 రూపాయలతో ఖాతా తెరుస్తారు. కొత్త స్టాంపులు వచ్చినప్పుడల్లా ఇంటికే పంపి, ఆ డబ్బులో మినహాయించుకుంటారు. స్కాలర్‌షిప్‌కు మొదట క్విజ్, తర్వాత స్టాంపుల మీద ప్రాజెక్టు. రైలాట వంతెన ఆలోచన ప్రాజెక్టుకు చక్కగా సరిపోతుంది. టెన్షన్ పడకుండా రాయమనండి.

---

చంద్రగిరి కుర్రాడు
అక్టోబరు 7, రాత్రి 8:10

తాతగారూ, డబ్బాలో విదేశీ వంతెనలు ఏమేం ఉన్నాయి?

---

రేణిగుంట తాత
అక్టోబరు 8, ఉదయం 9:00

రాత్రి కూర్చుని లెక్కేశాం. బ్రిటన్‌వి 1964 ఫోర్త్ రోడ్డు వంతెన స్టాంపులు, అవి రెండేసి ఉన్నాయి. అమెరికావి 1958 మాకినాక్, 1964 వెరజానో, 1983 బ్రూక్లిన్. బ్రూక్లిన్ స్టాంపు మీద సంవత్సరాలు చూసి పాప ఆశ్చర్యపోయింది. 1883లో తెరిచిన వంతెనకు నూరేళ్ళ పండగ చేశారని చెప్పాను. చైనాది ఒకటి ఉంది, పాత రాతి వంతెన. పేరు చదవలేకపోతున్నాను. ఆస్ట్రేలియా సిడ్నీ హార్బర్ వంతెనది ఎర్రటిది, రెండు పెన్నీలది ఒకటి.

---

గాంధీరోడ్డు కవరు
అక్టోబరు 8, ఉదయం 9:40

చైనాది 1962లో వచ్చిన ప్రాచీన వంతెనల సెట్‌లోది అయి ఉండాలి, నాలుగు స్టాంపులు. వాటిలో ఝావోజౌ రాతి వంతెన ఉంటుంది. సుమారు 605లో కట్టింది. పెద్ద కమాను మీద రెండు పక్కలా చిన్న కమానులు ఉంటే అదే. వరద వచ్చినప్పుడు నీళ్ళు ఆ చిన్న కమానుల గుండా పోతాయి, వంతెన బరువూ తగ్గుతుంది. పోల్చి చూడండి.

సిడ్నీ వంతెన 1932 మార్చి 19న తెరిచారు, స్టాంపులు కొద్ది రోజుల ముందే వచ్చాయి. రెండు పెన్నీలు, మూడు పెన్నీలు, ఐదు షిల్లింగులు. ఐదు షిల్లింగుల ఆకుపచ్చ స్టాంపు చాలా ఖరీదు. ఎవరైనా చవగ్గా ఇస్తామంటే కొనకండి. రెండు పెన్నీలది మాత్రం ఎక్కువే అచ్చయింది, మీది నిజమైందే అయి ఉంటుంది.

---

చంద్రగిరి కుర్రాడు
అక్టోబరు 8, ఉదయం 10:20

ఒక పెద్ద కమాను, పక్కన చిన్నవి... ఆ బొమ్మ మా పుస్తకంలోనూ ఉంది తాతగారూ. పంపితే పోల్చి చూస్తాను.

ఒక సంగతి మీరందరూ గమనించారో లేదో. 2007 సెట్‌లోని నాలుగు స్టాంపుల్లో రెండు ఇప్పుడు పాత ఫోటోల్లాంటివి అయిపోయాయి. గంగ మీద గాంధీ సేతు 1982లో తెరిచినప్పుడు పైభాగం కాంక్రీటు. దాన్ని తీసేసి మొత్తం ఉక్కు ట్రస్సులు (త్రికోణాలుగా అల్లిన చట్రాలు) పెట్టారు, ఒక పక్క 2020లో, రెండో పక్క 2022లో తెరిచారు. ఆ స్టాంపు మీదున్న వంతెన ఇప్పుడు పాట్నా వెళ్ళినా కనబడదు. పాంబన్‌కు పక్కనే కొత్త వంతెన కట్టి 2025 ఏప్రిల్ 6న తెరిచారు. దాంట్లో ఓడల కోసం మధ్య భాగం 72 మీటర్లకు పైగా పొడవున నిలువుగా పైకి లేస్తుంది.

---

రేణిగుంట తాత
అక్టోబరు 8, రాత్రి 8:30

పాంబన్ పేరెత్తావు కాబట్టి రాస్తున్నాను.

తిరుపతి నుంచి రామేశ్వరం బండిలో మా నాయనను తీసుకువెళ్ళాను. పాంబన్ మీద బండి నడక వేగమే. కిటికీ కింద గర్డరు తప్ప ఏమీ లేదు, అంతా సముద్రం. మా నాయన రాముడి పేరు తలుచుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. నేను కిందికే చూస్తూ కూర్చున్నాను, తుప్పు ఎక్కడెక్కడ గీకి రంగు వేశారా అని. ఉప్పు గాలిలో ఉక్కు నిలబెట్టడం ఎంత పనో చేసినవాళ్ళకు తెలుసు.

ఆ వంతెన 1914లో తెరిచారు. మధ్యలో రెండు రెక్కలు, ఓడ వస్తే మనుషులు మీటలు తిప్పి చేతులతో ఎత్తేవారు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి బండి మనుషులతో సహా కొట్టుకుపోయింది, వంతెన గర్డర్లు సముద్రంలో పడిపోయాయి. అప్పుడు కుర్ర ఇంజనీరుగా ఉన్న శ్రీధరన్ గారు 46 రోజుల్లో మళ్ళీ బండి నడిపించారు. సముద్రంలో పడ్డ గర్డర్లనే వెతికి తీసి వాడారు. మా గ్యాంగులో కొత్తగా చేరినవాళ్ళకు పెద్దవాళ్ళు మొదట చెప్పే కథ ఇదే. నాకూ అలాగే చెప్పారు.

అందుకే ఆ స్టాంపు కోసం ఏళ్ళుగా చూస్తున్నాను. హౌరాది దొరికింది, అది శుభలేఖ మీదికి వెళ్ళింది. పాంబన్ నా డబ్బాలో ఈ రోజుకీ లేదు.

---

చంద్రగిరి కుర్రాడు
అక్టోబరు 8, రాత్రి 8:41

తాతగారూ, నా పాంబన్ మీకు ఇచ్చేస్తాను. ఆదివారం రేణిగుంట వస్తాను. బదులుగా రివిట్ తట్టడం నేర్పండి.

---

స్టాంపుల సంచి
అక్టోబరు 9, ఉదయం 7:00

బాగుంది. ఇప్పుడు పని విషయం, వానలు వచ్చేలోపు చెయ్యాల్సింది.

కవరు ముక్కల మీదున్న మామూలు స్టాంపుల్ని చల్లటి నీళ్ళలో ఇరవై నిమిషాలు వదిలేయండి. స్టాంపును కాగితం మీద నుంచి లాగకూడదు, కాగితాన్ని స్టాంపు వెనక నుంచి జార్చాలి. ఎరుపు, కాషాయం రంగు కవర్ల ముక్కలు విడిగా నానబెట్టాలి, రంగు దిగి పక్కవాటికి అంటుతుంది. ఆరబెట్టడానికి తెల్ల కాగితమే వాడండి, న్యూస్ పేపర్ సిరా అంటుకుంటుంది. కొత్తగా వచ్చే స్టిక్కర్ రకం స్టాంపులు చాలావరకు నీళ్ళకు ఊడవు, వాటిని కాగితంతోనే కత్తిరించి ఉంచండి. చేత్తో కాదు, ట్వీజర్లతో పట్టుకోండి.

మన తిరుపతిలో కార్తీకం వానలప్పుడు జిగురున్న స్టాంపులు ఆల్బమ్‌కు అతుక్కుపోతాయి. ఆల్బమ్‌ను పుస్తకంలా నిలబెట్టి ఉంచండి, పడుకోబెట్టి మీద బరువు పెట్టకండి. మెరిసే చవక ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నేళ్ళకు జిడ్డు కక్కుతాయి. లామినేషన్ అసలే వద్దు.

---

పుత్తూరు టీచరమ్మ
అక్టోబరు 9, ఉదయం 8:15

ఎండిన వేపాకు మధ్యలో పెట్టొచ్చా? పుస్తకాల్లో మేము పెడతాం.

---

స్టాంపుల సంచి
అక్టోబరు 9, ఉదయం 8:20

అల్మరాలో పెట్టండి అమ్మా, ఆల్బమ్ లోపల వద్దు. ఆకు మరక పడుతుంది.

---

నీవా ఒడ్డు
అక్టోబరు 9, సాయంత్రం 5:50

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో వంతెనల షీట్లు, బొమ్మల షీట్లు రంగురంగులవి చవగ్గా అమ్ముతారు. చాలావాటిని ఆ దేశాల తపాలా శాఖలు వెయ్యనే లేదు, ఎవరో అచ్చేసి దేశం పేరు పెట్టారు. నేనే ఒకసారి ఆటబొమ్మల షీట్లు ఆరు కొని మోసపోయాను. 2002 నుంచి ప్రపంచ తపాలా సంఘం ఆధ్వర్యంలో అసలు స్టాంపులకు నంబర్లు ఇచ్చే పద్ధతి ఉంది. కొనేముందు అందులో ఉందో లేదో చూడండి. అన్ని దేశాలూ అందులో చేరలేదు గానీ, అనుమానం తీర్చుకోవడానికి అదొక దారి.

పాపకు పంచతంత్రం జంట ఒకటి పంపుతున్నాను. తాబేలూ హంసలూ.

---

రేణిగుంట తాత
నవంబరు 14, రాత్రి 9:10

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. వానలకు కరెంటు సరిగ్గా లేదు, ఆల్బమ్ పని కూడా నడుస్తోంది.

అందరూ పంపినవి అందాయి. చంద్రగిరి బాబు ఆదివారం వచ్చాడు. ఇంటి వెనక పాత ఇనుప బీరువా ఉంటే దాని రివిట్ల మీద సుత్తి తట్టి చూపించాను. మూడోది వదులని తనే కనుక్కున్నాడు. చైనా స్టాంపు ఝావోజౌదేనని తేలింది, పక్క కమానులు అలాగే ఉన్నాయి. పాంబన్ అంటించేటప్పుడు నా చెయ్యి వణికితే పాపే ట్వీజర్లు తీసుకుంది.

గాంధీరోడ్డు గారు చెప్పినట్టే మూడు భాగాలు చేశాం. మధ్యలో 1989, 2015, 2018. ఫ్రాన్స్ తొక్కుడు బిళ్ళ నా మూర్ మార్కెట్ ప్యాకెట్‌లో లేదు, అది ఇంకా రాని కాలం కదా. గాంధీరోడ్డు గారే ఇచ్చారు.

మొదటి పేజీలో ఏ భాగమూ లేదు. పెళ్ళి కవరు మొత్తం అక్కడ పెట్టాం, స్టాంపు కత్తిరించలేదు, పసుపు ముట్టుకోలేదు. పక్కన సంచి గారి శుభ్రమైన హౌరా. కింద పాప రాసింది: "ఇది మా అమ్మ పెళ్ళి కవరు. వంతెన దాటి వెళ్ళి, ఎవరూ లేకపోతే ఇంటికి తిరిగొచ్చింది. పసుపు మా అవ్వ రాసింది." మా ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తర్వాత ఆ పేజీ ఎవరికీ తిప్పడానికి ఇవ్వడం లేదు, తనే తిప్పి చూపిస్తోంది.

పోస్టాఫీసులో పాప పేరున ఖాతా కూడా తెరిచాం, 200 కట్టి.

ఇంకో మాట. మా దగ్గర ఫోర్త్ రోడ్డు వంతెన స్టాంపులు రెండేసి ఉన్నాయి, బాగానే ఉన్నాయి. గోళీలాట గానీ బొంగరం గానీ ఉన్న స్టాంపు ఎవరి దగ్గరైనా రెండోది ఉంటే చెప్పండి, మార్చుకుందాం. ఏ దేశానిదైనా ఫర్వాలేదు. కడిగింది కాకపోయినా ఫర్వాలేదు.

---

నీవా ఒడ్డు
నవంబరు 14, రాత్రి 9:26

బొంగరం ఉంది పెద్దాయనా. రేపు కవరులో పెట్టి పంపుతాను. కవరు మీద మట్టి గుర్రం స్టాంపు అంటిస్తాను, పాపను కవరు చించకుండా జాగ్రత్తగా తెరవమనండి.